కరీబియన్ కవితల్లో అన్యాయాన్ని ఎక్కడ వెతకాలి: విషయంలోనా, పద్యం కట్టుబడిలోనా?

రేవుగాలి:
నల్లజాతి కవుల అనువాదాలు తెలుగులో చాలాకాలంగా వస్తున్నాయి. చర్చలు మాత్రం ఎప్పుడూ ఒకేచోట ఆగిపోతున్నాయి: "కవి జాతి వివక్షను తీవ్రంగా ఖండించాడు." ఖండించాడు, నిజమే. కరపత్రమూ ఖండిస్తుంది, సంపాదకీయమూ ఖండిస్తుంది. అదే సంగతి వచనంలో చెబితే ఏం పోతుంది, కవిత చేసిన పని ఏమిటి అన్నది తేలడం లేదు. ఒక పఠన బృందం కోసం నాలుగైదు కవితలు ఎంచుకోవాలి. ఇంగ్లండు ఏలిన కరీబియన్ దీవులకే పరిమితమవుదాం: జమైకా, బార్బడోస్, టొబాగో, సెయింట్ లూసియా. ఏ కవితలు పెట్టాలి, నేపథ్యం ఎంత చెప్పాలి, చదివేటప్పుడు దేన్ని గమనించాలి, ఎక్కడ దారి తప్పుతాం? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

నల్లరేగడి:
నేనైతే ఎం. నోర్బెసె ఫిలిప్ 2008లో తెచ్చిన "జాంగ్!" పుస్తకంతో మొదలుపెడతాను. ఆమె టొబాగోలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ కవి. న్యాయవాదిగా కూడా పనిచేశారు. పుస్తకం అర్థం కావాలంటే ఆ రెండో సంగతి గుర్తుండాలి.

1781లో లివర్‌పూల్ వర్తకుల ఓడ జాంగ్ 442 మంది ఆఫ్రికన్లను ఎక్కించుకుని జమైకాకు బయలుదేరింది. జమైకా కనబడినా అది వేరే దీవి అనుకుని దాటిపోయారు. నవంబరు 29 మొదలుకొని కొద్దిరోజుల్లో 130 మందికి పైగా మనుషుల్ని బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. ఎందుకంటే బీమా. బానిస ఓడలో జబ్బుచేసి పోతే అది సహజ మరణం, ఆ నష్టం యజమానిది. ఓడను కాపాడుకోవడానికి తప్పనిసరై "సరుకు" పారేస్తే ఆ నష్టం బీమా ఇచ్చినవాళ్లది, తలకు 30 పౌన్లు. తాగే నీళ్లు చాలవు కాబట్టి తప్పలేదని యజమానులు వాదించారు. 1783 మార్చిలో జ్యూరీ వాళ్ల వైపే తీర్పు చెప్పింది. మే నెలలో వ్యవహారం ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ముందుకొచ్చింది. మధ్యలో వాన కురిశాక కూడా మనుషుల్ని తోశారని అక్కడ బయటపడి, మళ్లీ విచారణ జరపమన్నారు. గుర్రాలను సముద్రంలో పడేసిన కేసు ఎలాంటిదో చట్టం దృష్టిలో ఇదీ అలాంటిదేనని జ్యూరీ భావించినట్టు ఆయనే చెప్పారు. హత్యానేరం మాత్రం ఎవరిమీదా నడవలేదు. "గ్రెగ్‌సన్ వర్సెస్ గిల్బర్ట్" అన్న ఆ కేసు నివేదిక అచ్చులో రెండు పేజీలు. పోయినవాళ్లలో ఒక్కరి పేరు కూడా అందులో లేదు.

ఫిలిప్ పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఆ రెండు పేజీల్లో ఉన్న మాటలే తన పదకోశం. అందులో లేని మాట తేకూడదు. మొదటి భాగంలో 26 సంఖ్యల కవితలున్నాయి, దాదాపు అన్నీ ఈ నియమం మీదే నడుస్తాయి. మొట్టమొదటి పేజీలో "నీళ్లు" అనే ఇంగ్లీషు మాట అక్షరాలు అక్షరాలుగా విడిపోయి, ఎడం ఎడంగా, నత్తిపడుతున్నట్టు పరుచుకుని ఉంటుంది. కోర్టులో యజమానులు సాకుగా వాడిన మాట అదే. ఆ పేజీ కింద ఒక గీత, గీత కింద చిన్న అక్షరాల్లో ఆఫ్రికా పేర్లు. నివేదికలో లేని పేర్లను ఆమె అక్కడ, పాదసూచిక ఉండాల్సిన చోట పెట్టారు. తర్వాతి భాగాల్లో ఇదే మాటల్ని పగలగొట్టి, ముక్కల్లోంచి యొరుబా, లాటిన్, పోర్చుగీసు, ఫ్రెంచి మాటలు ఏరారు. చివరి భాగంలో లేతబూడిద రంగు అచ్చు ఒకదాని మీద ఒకటి పడి, చదవడానికి లొంగదు.

ఇక్కడ తప్పు ఎలా జరుగుతుందంటే, జాంగ్ కథ విని కదిలిపోయి, కవితను ఆ కథకు బొమ్మలాగా చూస్తారు. నివేదిక పక్కన పెట్టుకోకుండా చదివితే సగం పోతుంది. ముందు నివేదిక ప్రతి ఒకటి చేతిలో ఉండాలి. కవితలోని మాటలు అందులో ఎక్కడున్నాయో పెన్సిలుతో గీసుకుంటూ పోవాలి. "తప్పనిసరి", "నష్టం", "సాక్ష్యం" అనే మాటలు చట్టం వాక్యంలోంచి ఊడిపడ్డాక ఎలా మారాయో అప్పుడు కనబడుతుంది.

యతిస్థానం:
నల్లరేగడి గారూ, పుస్తకం గొప్పదే, కాదనను. కానీ కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజే అది ఇస్తే తలుపు మూసినట్టవుతుంది. ముక్కలైన రూపమే నిజాయితీ, పద్యానికి కట్టుబడితే దొరకు లొంగినట్టు అనే అభిప్రాయం కూడా చాపకింద నీరులా చేరుతుంది. దానికి నేను ఒప్పుకోను.

క్లాడ్ మకే 1919 సానెట్ "ఇఫ్ వి మస్ట్ డై" తీసుకోండి. ఆయన జమైకా మనిషి. 1912లోనే జమైకా పాట్వాలో, అంటే అక్కడి జనం మాట్లాడే భాషలో, రెండు పద్యసంపుటాలు వేశాడు. అమెరికా వెళ్లాక రైలు భోజనపెట్టెలో వడ్డించే పని చేశాడు. 1919 వేసవిలో అమెరికాలో పట్టణం తర్వాత పట్టణంలో తెల్లమూకలు నల్లవాళ్ల మీద పడ్డాయి. ఆ జూలైలో "లిబరేటర్" పత్రికలో ఈ పద్యం వచ్చింది.

ఇప్పుడు కట్టుబడి చూడండి. పద్నాలుగు పాదాలు, పాదానికి దాదాపు పది అక్షరాలు, ఊనిక (నొక్కి పలకడం) అక్షరం విడిచి అక్షరం. నాలుగేసి పాదాల చరణాలు మూడు, చివర ద్విపాది. అంత్యప్రాసలు ఒకటీ మూడూ, రెండూ నాలుగూ కలుస్తాయి. చివరి రెండు పాదాలు తమలో తాము కలుస్తాయి. ఇంగ్లీషు బడుల్లో ప్రేమకవితలకూ రాజుల పొగడ్తకూ నేర్పిన మూస ఇది. మకే ఇందులో "నల్ల", "తెల్ల" అనే మాటలు ఒక్కసారి కూడా వాడలేదు. జంతువుల్ని వరసగా గమనించండి. మొదటి పాదంలో మనం పందుల్లా చావకూడదంటాడు. వెంటనే చుట్టూ మొరిగేవి ఆకలిగొన్న కుక్కలు. చివరి ద్విపాదికి వచ్చేసరికి ఎదుటివాళ్లు హంతక మంద, మనం మనుషులం. జాతివాదం నల్లవాడికి అంటగట్టిన పశుత్వం పద్నాలుగు పాదాల్లో అంటగట్టినవాడికే చేరింది. ఆ తరలింపును తడబడకుండా నడిపింది ఛందస్సే.

మన దగ్గర గుర్రం జాషువా 1941 "గబ్బిలం" చేసిన పని ఈ తరహాదే. కాళిదాసు మేఘుణ్ణి పంపిన దారిలో ఆయన గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, దాన్ని పంపిన దళిత నాయకుడు, ఆ అరుంధతీ సుతుడు, వెళ్లలేడు. వృత్తపద్యం ఎవరి సొత్తని చెప్పుకున్నారో వాళ్లకు ఎదురుగా ఆ పద్యంతోనే నిలబడ్డాడు.

వరండా చదువు:
ఒక హెచ్చరిక. జాషువా పోలిక మంచిదే కానీ, కులమూ జాతీ ఒకటే అన్నట్టు సాగితే రెండిటి లెక్కా తప్పుతుంది. అట్లాంటిక్ బానిసత్వంలో మనిషిని కొని అమ్మిన రసీదులున్నాయి, బీమా పత్రాలున్నాయి, చివరికి పరిహారం పద్దు కూడా ఉంది. 1833 చట్టం బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌన్లు పరిహారంగా ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు. దానికోసం చేసిన అప్పు 2015లో గానీ తీరలేదు. ఎవరికి ఎంత ముట్టిందో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ల డేటాబేసులో పేరు కొట్టి చూడొచ్చు. కులానికి ఇలాంటి పద్దుపుస్తకం ఉండదు. అది ఊరి కట్టుబాటులోనూ శాస్త్రంలోనూ ఇంట్లోనూ ఉంటుంది. కాబట్టి కవుల పద్ధతులు పోల్చండి, చరిత్రల్ని కలిపేయొద్దు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు తీసుకున్నప్పుడు కూడా తీసుకుంది పోరాట స్ఫూర్తినే, చరిత్రను కాదు.

కోరంగి:
యతిస్థానం గారు ఛందస్సు ఎత్తారు కాబట్టి కమావ్ బ్రాత్‌వైట్ వాదన ఇక్కడ చెప్పుకోవాలి. ఆయనది బార్బడోస్ (1930–2020). 1967, 68, 69ల్లో వచ్చిన మూడు సంపుటాలు 1973లో "ది అరైవంట్స్" పేరుతో ఒకటయ్యాయి. 1979లో హార్వర్డులో చేసిన ప్రసంగంలో ఆయన అన్నది సూటి మాట: తుపాను పది అక్షరాల పాదంలో గర్జించదు. దీవుల పిల్లలు చూసేది తుపాను, బడిలో చదివేది మంచు. ఆ పిల్లలు వ్యాసం రాస్తే చెరుకుతోటల మీద మంచు కురుస్తోందని రాసేవారని ఆయన ఉదాహరణ. వలస పాలన వారసత్వం అంటే ఏమిటో ఇంతకంటే కచ్చితంగా చెప్పిన మాట నాకు తెలియదు. దొర వెళ్లిపోయినా కళ్లెదుటి వానకు పద్యంలో చోటు దొరకలేదు.

ఆయన చూపిన దారి "నేషన్ లాంగ్వేజ్". ఇంగ్లీషు మాటలే, కానీ ఊనిక, వేగం, నిశ్శబ్దం ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లవి. కలిప్సో అనే కరీబియన్ జనం పాటలో ఊనిక ముందు పడి తర్వాత రెండు తేలిక అక్షరాలు జారతాయి. ఇంగ్లీషు పది అక్షరాల (పంచగణ) పాదానికి అది ఎదురునడక. ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఇంకోటుంది. తమ తరానికి మాట్లాడే గొంతును కవితలోకి తెచ్చే ధైర్యం టి.ఎస్. ఎలియట్ రికార్డింగుల వల్లా, జాన్ ఆర్లట్ క్రికెట్ కామెంటరీ వల్లా వచ్చిందని ఆయనే ఒప్పుకున్నాడు. వలస కేంద్రం నుంచి వచ్చినదాన్నంతా ఆయన పారేయలేదు. చెవికి పనికొచ్చింది ఉంచుకున్నాడు.

చదివే తీరు చెబుతాను. ముందు కవితను అర్థం పట్టించుకోకుండా ఒకరు బిగ్గరగా చదవాలి. మిగతావాళ్లు ఊనిక పడిన చోటల్లా బల్లమీద తట్టాలి. రెండోసారి పంక్తి విరిగినచోట పూర్తిగా ఆగి చదవాలి. బ్రాత్‌వైట్ పంక్తులు ఒక్కోచోట రెండు మూడు మాటలకే తెగుతాయి, మాట మధ్యలో కూడా తెగుతాయి. అక్కడ ఆగకుండా వచనంలా చదివేస్తే ఆయన చేసిందంతా చదునవుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

రేవుగాలి:
చాలా ఉపయోగపడుతోంది. పాట్వాలో రాసినవాటిని తెలుగులోకి తేవాలంటే ఏ తెలుగు వాడాలి? జమైకా కవయిత్రి లూయీస్ బెనెట్ కవిత ఒకటి పెట్టాలని ఉంది.

చెరుకుతోట:
బెనెట్ (1919–2006) అంటే "కాలనైజేషన్ ఇన్ రివర్స్" పెట్టండి. 1966 సంపుటంలో ఉంది. 1948 జూన్ 22న ఎంపైర్ విండ్‌రష్ ఓడ ప్రయాణికులు ఇంగ్లండులోని టిల్బరీ రేవులో దిగారు. ఆ ఏడాది పౌరసత్వ చట్టం వలస ప్రజలనూ బ్రిటిష్ పౌరులుగానే గుర్తించింది. జమైకా జనం వందలూ వేలుగా ఇంగ్లండు ప్రయాణం కట్టారు. కవితలో మాట్లాడే ఆవిడ, పక్కింటి మిస్ మ్యాటీతో గుమ్మం దగ్గర ముచ్చట చెబుతున్నట్టు, మనవాళ్లే ఇప్పుడు ఇంగ్లండుకు వలస వెళ్లి చరిత్రను తలకిందులు చేస్తున్నారని సంబరంగా చెబుతుంది. ఆ సంబరం కింద ఉన్న కొరడాను చూడాలి. వలస వెళ్లినవాడికి అక్కడ తుపాకీ లేదు, గవర్నరు లేడు. దొరికేది చిన్న కూలి, నిరుద్యోగ భృతి. "తలకిందులు" అన్న మాట సగమే నిజమని ఆవిడకూ తెలుసు, మిస్ మ్యాటీకీ తెలుసు.

పద్యం బ్యాలడ్ (ఇంగ్లీషు కథాగేయం) కట్టు. పాదాల్లో ఊనికలు నాలుగు, మూడు, నాలుగు, మూడు. రెండూ నాలుగూ పాదాలకు అంత్యప్రాస. తెలుగులోకి తెచ్చేటప్పుడు చాలామంది ముత్యాలసరం వైపు చూస్తారు. అది మిశ్రగతి, మూడూ నాలుగూ మాత్రలుగా ఊగుతుంది. ఈ కవితకు అంత ఊగు పనికిరాదు. చతురస్రగతిలో మొదటి పాదానికి నాలుగు మాత్రల గణాలు నాలుగు, రెండో పాదానికి మూడు వేసుకోండి. మూడో గణం తర్వాత వచ్చే ఖాళీలో వినేవాళ్లు నవ్వుకోవడానికి చోటుంటుంది. బెనెట్ వేదికల మీద చదివిన కవి, ఆ ఖాళీ ఆమెకు అవసరం.

యాస సంగతి. శిష్ట తెలుగులో పెడితే ఆ గుమ్మం పోతుంది. ఏదో ఒక జిల్లా యాస పట్టుకుని ప్రతి మాటా ఒత్తిరాస్తే పాఠకుడు కవితను వదిలి యాసను చూసి నవ్వుతాడు. మన సినిమాలు ఆ అలవాటు చేసిపెట్టాయి. యాసను క్రియల్లోనూ వాక్యం ముగింపుల్లోనూ ఉంచండి, నామవాచకాల స్పెల్లింగులో కాదు. మాట్లాడే మనిషి తెలివైన మనిషని ప్రతి చరణంలో వినబడాలి. జమైకాలో పాట్వాను చదువురానివాళ్ల మాటగా కొట్టిపారేసిన రోజుల్లో ఆమె రాసింది. మన అనువాదం అదే అవమానాన్ని మళ్లీ చేయకూడదు.

వరండా చదువు:
ఈ కవితకు కొనసాగింపు కవిత్వంలో లేదు, ఆఫీసు ఫైళ్లలో ఉంది. విండ్‌రష్ తరంలో పిల్లలుగా వచ్చినవాళ్లను, దశాబ్దాల తర్వాత, "నువ్వు ఇక్కడివాడివేనని కాగితం చూపించు" అన్నారు. 2018లో ఇది పెద్ద గొడవగా బయటపడింది. ఉద్యోగాలు పోయినవాళ్లు, వైద్యం అందనివాళ్లు, నిర్బంధించబడినవాళ్లు, దేశం నుంచి పంపేయబడినవాళ్లు ఉన్నారు. వాళ్లు వచ్చిన తేదీని నిరూపించగలిగే పాత ల్యాండింగు కార్డులను హోంశాఖ 2010లోనే ధ్వంసం చేసింది. నల్లరేగడి గారు చెప్పిన పేర్లులేని నివేదిక పక్కన దీన్ని పెట్టి చూడండి. బృందానికి ఈ రెండు పత్రాల గురించీ చెబితే "వారసత్వం" అన్నదాని మీద వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

నల్లరేగడి:
ఈ వరసలో లింటన్ క్వేసీ జాన్సన్ రావాలి. 1952లో జమైకాలో పుట్టి 1963లో లండన్ చేరిన కవి. "సనీస్ లెటా" 1979 ఆల్బమ్‌లో ఉంది. ఇది ఉత్తరం. పైన బ్రిక్స్‌టన్ జైలు చిరునామా, తర్వాత అమ్మకు నమస్కారం, క్షేమ సమాచారం. ఆ మర్యాదంతా నెమ్మదిగా నడుస్తుంది. తమ్ముడు జిమ్‌ను కాపాడతానని మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయానంటాడు. బస్సుకోసం నిలబడ్డ ఇద్దరి దగ్గరికి పోలీసు వ్యాను వచ్చి ఆగాక పద్యం నడక మారుతుంది. పంక్తి కురచవుతుంది. ప్రతి పంక్తికీ ఒక దెబ్బ, ఒక ప్రాస. మొదట పోలీసులు జిమ్‌ను కొట్టిన దెబ్బలు, తర్వాత సనీ ఎదురుకొట్టిన దెబ్బలు, రెండూ ఒకే తాళంలో ఉంటాయి. ఒక పోలీసు చనిపోతాడు. జిమ్ మీద పెట్టింది "సస్" కేసు, సనీ మీద పెట్టింది హత్యకేసు. మళ్లీ ఉత్తరం మర్యాదలోకి వచ్చి, దిగులుపడకమ్మా, ఇట్లు నీ కొడుకు అని ముగుస్తుంది.

"సస్" అంటే 1824 నాటి వాగ్రెన్సీ చట్టంలోని "అనుమానిత వ్యక్తి" సెక్షను. నేరం జరగనక్కర్లేదు, చేసేలా ఉన్నాడని పోలీసుకు తోస్తే చాలు. 1970ల్లో లండన్‌లో దాన్ని నల్ల కుర్రాళ్ల మీద విపరీతంగా వాడారు. 1981లో రద్దయింది. తెలుగు పాఠకుడికి ఇది అందాలంటే స్టూవర్టుపురం గుర్తు చేయండి. 1871 నేరస్థ తెగల చట్టం వారసత్వంగా, పుట్టుకతోనే అనుమానితులుగా ముద్రపడ్డ ఎరుకలవాళ్ల కోసం బాపట్ల దగ్గర వెలసిన సెటిల్‌మెంట్ అది. రెండు చట్టాలనూ రాసిన చేయి ఒకటే.

యతిస్థానం:
బాగా చెప్పారు. ఇక్కడ తాళం వినకుండా కాగితం మీద చదవడం దండగ. రికార్డింగు పెట్టాలి. ఉత్తరం భాగానికీ దెబ్బల భాగానికీ మధ్య తేడాను చెవి పట్టుకున్నాకే పాఠం చేతికివ్వాలి.

సెయింట్ లూసియా కవి డెరెక్ వాల్కాట్‌ను ఎవరూ ఎత్తలేదు. ఆయన్ని వదిలేస్తే చర్చ ఒకవైపే నడుస్తుంది. బ్రాత్‌వైట్ ప్రజల కవి, వాల్కాట్ దొరల ఇంగ్లీషు కవి అనే విభజన వ్యాసాల్లో విరివిగా కనబడుతుంది. అది తప్పు. 1979 సంపుటంలోని "ది స్కూనర్ ఫ్లైట్"లో షబైన్ అనే నావికుడు క్రియోల్ (దీవుల్లో పుట్టిన కలగలుపు భాష) పలుకుబడిలోనే, పది అక్షరాల పాదానికి దగ్గరగా మాట్లాడతాడు. అదే సంపుటంలోని "ది సీ ఈజ్ హిస్టరీ" మీ బృందానికి తప్పక పెట్టండి. మీ స్మారకాలెక్కడ, యుద్ధాలెక్కడ, అమరులెక్కడ అని ఎవరో దర్పంగా అడుగుతారు. సముద్రంలో ఉన్నాయి అని జవాబు. ఆ తర్వాత బైబిలు పుస్తకాల వరసలో, ఆదికాండం, నిర్గమకాండం, విలాపవాక్యాలు, ఒక్కోదానికి ఎదురుగా బానిస ఓడ, సముద్రం అడుగున ఎముకలు, చెరుకుతోట వచ్చి నిలబడతాయి. పాలకుడి పవిత్రగ్రంథం విషయసూచికను తీసుకుని అందులో తనవాళ్ల అధ్యాయాలు నింపాడు. జాంగ్ నివేదికతో ఫిలిప్ చేసినదానికి ఇది ముప్పై ఏళ్ల ముందు మెట్టు. మకే మూసను తీసుకున్నాడు, వాల్కాట్ సూచికను, ఫిలిప్ పదకోశాన్ని. ఈ మూడూ ఆ వరసలో చదివిస్తే నా అభ్యంతరం తీరిపోతుంది, "జాంగ్!" చివరికి రావాలంతే.

ఆయన 1962 సంపుటంలోని "ఎ ఫార్ క్రై ఫ్రమ్ ఆఫ్రికా" కూడా మంచిదే. కెన్యాలో బ్రిటిష్ పాలన మీద లేచిన మావ్ మావ్ తిరుగుబాటు నేపథ్యం. కానీ మొదటి విడతలో వద్దు. కవి ఏ పక్షం అన్న వాదనలోకి సమయమంతా పోతుంది.

నల్లరేగడి:
ఆ వరసకు నాకూ అభ్యంతరం లేదు. "జాంగ్!" చివర రావడమే మేలు.

అచ్చుపని:
"జాంగ్!" పేజీలను తెలుగులో చేసి పంచాలనే ఆలోచన ఎవరికైనా వస్తే, దిగేముందు ఇవి చూసుకోండి. ఆ పుస్తకంలో ఖాళీలకు నియమం ఉంది. ఏ మాటా, ఏ మాటల గుంపూ పైపంక్తిలోని మాటకు సరిగ్గా కిందకు రాకూడదు. ప్రతిదీ పైన ఉన్న ఖాళీలోకే చూస్తుంది, ఊపిరికోసం. 2021లో ఇటాలియన్ అనువాదం ఈ అమరికను పాటించలేదని ఫిలిప్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు, ఆ ప్రతులను నాశనం చేయమని కోరారు. ఆమెకు అమరిక అలంకారం కాదు, పాఠంలో భాగం.

తెలుగు లిపిలో చిక్కులు వేరు. ఇంగ్లీషులో మాటను ఒక్కో అక్షరంగా విడదీయొచ్చు. మనకు గుడి, కొమ్ము, వత్తు విడిగా నిలబడవు. టైపు చేస్తే చుక్కల సున్నా ఒకటి వచ్చి దానిమీద గుణింతపు గుర్తు కూర్చుంటుంది, అది కవి పెట్టిన గుర్తనుకుంటారు. అందుకని గుణింతం మొత్తాన్ని ఒక ముక్కగా ఉంచి, "నీ" ఒకచోట, "ళ్లు" ఇంకోచోట వేయాలి. అంతకంటే చిన్న ముక్క కావాలంటే హల్లును పొల్లుతో రాయాలి. వత్తులు కిందకు దిగుతాయి కాబట్టి పంక్తుల మధ్య దూరం ఇంగ్లీషుకంటే ఎక్కువ పెట్టకపోతే పైపంక్తి వత్తు కిందిపంక్తి తలకట్టును తాకి, ఖాళీ నియమం కంటికి తెలియదు. స్పేస్‌బార్‌తో ఎడం వేయొద్దు, ఫాంటు మారగానే చెదురుతుంది. ప్రతి ముక్కనూ విడి టెక్స్ట్ ఫ్రేములో పెట్టి, పీడీఎఫ్‌గానే పంచండి.

చెరుకుతోట:
సమావేశం నడిపేవాళ్లకు. గంటన్నరలో రెండు కవితలకు మించి పెట్టొద్దు. చరిత్ర చెప్పడం మొదలుపెడితే ఆగదు, చివర్లో కవితకు పది నిమిషాలు మిగులుతాయి. అందుకని ముందు చదువు, తర్వాత లెక్క (పాదాలు, ఊనికలు, ఏ మాట ఎన్నిసార్లు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు), ఆ తర్వాతే చరిత్ర. మొదటి అరగంటలో "సందేశం ఏమిటి" అనే ప్రశ్న ఎవరూ వేయకూడదని ముందే చెప్పుకోండి. తిట్టుమాటలు వస్తాయి. కవి వాడిన చోట వాటిని మెత్తబరచకండి. మన వ్యాఖ్యానంలో మాత్రం వాడకండి.

కోరంగి:
ఫిలిప్ పద్ధతిలో తెలుగులో రాయాలనుకునే యువకవులుంటే వాళ్లకు ఒక దారి ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవు డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నేటాల్‌కు 1,52,184 మంది ఒప్పందపు కూలీలు వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు. వాళ్ల ఓడ జాబితాలు మిగిలాయి. గడులు ఇలా ఉంటాయి: వలస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద గుర్తులు. జాంగ్ నివేదికలో పేర్లే లేవు. ఇక్కడ పేర్లున్నాయి, గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా, వంకరటింకర స్పెల్లింగుల్లో. మారిషస్ కవి ఖల్ తొరాబుల్లీ 1992 సంపుటంతో ఈ కూలీ వలస అనుభవానికి "కూలిట్యూడ్" అని పేరుపెట్టి, నల్లదనాన్ని గర్వంగా చాటిన ఫ్రెంచి భాషా కవుల ఉద్యమం నీగ్రిట్యూడ్ పక్కన నిలబెట్టాడు.

రాసేవాళ్లు మూడు విషయాలు పట్టించుకోవాలి. బానిసత్వమూ ఒప్పంద కూలీ ఒకటి కాదు. కాగితం మీద గడువున్న ఒప్పందాన్ని పుట్టుకతో వచ్చే బానిసత్వంతో సమానం చేయకండి, మోసమూ కొరడా రెండుచోట్లా ఉన్నా సరే. గడుల్లో లేని భావాలను ఆ మనుషుల నోట పెట్టకండి. ఊరిమీద బెంగ, అమ్మ జ్ఞాపకం లాంటివి తేలిగ్గా వచ్చేస్తాయి, అక్కడే కవిత అబద్ధమవుతుంది. ఒంటిమీద గుర్తుల గడి చాలాసార్లు కవికి కావలసినంత చెబుతుంది. ఇక వాళ్ల వారసులు ఇవాళ డర్బన్‌లో ఉన్నారు. ఇంటిపేరుతో, సంఖ్యతో సహా అచ్చువేసే ముందు ఆలోచించండి.

రేవుగాలి:
అందరికీ కృతజ్ఞతలు. మకే, బెనెట్, వాల్కాట్ "సీ ఈజ్ హిస్టరీ", జాన్సన్, ఆఖరున ఫిలిప్, ఈ వరస పెడుతున్నాను. అనువాదాలు ఇక్కడే పోస్టు చేయొచ్చా?

అచ్చుపని:
మకేకు ఇబ్బంది లేదు. 1948లో పోయాడు, మన దేశంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లు, అంటే 2008 చివరికి తీరిపోయింది. మిగతావన్నీ ఇంకా హక్కుల్లోనే ఉన్నాయి. బృందంలో చదువుకోవడానికి చేసుకున్న ప్రతి వేరు, వేదికలో పెట్టడం వేరు. అనువాదం పెట్టాలంటే ముందు ప్రచురణకర్తకు రాయండి: ఏ కవిత, ఎన్ని పంక్తులు, ఎక్కడ, ఉచితంగానా అన్నది ఒకే ఉత్తరంలో ఉండాలి. ఫిలిప్‌ది అడిగేటప్పుడు తెలుగు పేజీ అమరిక నమూనా ఒకటి జతచేయండి.